‘నాకు పడదు’ – ఎందుకు పడదు?

ఆగస్టు 15. బడిలో జెండా ఎగరేశారు. పాటలూ ఉపన్యాసాలూ అయిపోయాయి. ఇక పిల్లలందరూ ఎదురుచూసే ఘట్టం వచ్చింది. మాస్టారు పెద్ద పళ్ళెంలో వేరుశనగ ఉండలు పట్టుకుని వరస వెంట పంచుకుంటూ వస్తున్నారు. రవి ఒక్కడే చెయ్యి చాపలేదు.

“ఏరా, తీసుకోవేం?” అన్నారు మాస్టారు.

“నాకు పడవండీ” అన్నాడు రవి.

పక్కనున్న గోపాలం కిసుక్కున నవ్వాడు. “ఒరేయ్, మరీ ఇంత సుకుమారమా? ఒక్క ముక్క తింటే చచ్చిపోతావేంట్రా?”

ఈ రవీ, ఈ గోపాలమూ మనం కల్పించుకున్నవాళ్ళే. కాని ఇటువంటి సంభాషణ మీ బడిలోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. గోపాలం వేళాకోళానికి అడిగాడు. వైద్యశాస్త్రం మాత్రం ఆ ప్రశ్నకు నవ్వకుండా జవాబు చెబుతుంది: “అవును, చచ్చిపోవచ్చు.”

ఆశ్చర్యంగా లేదూ? వేరుశనగ విషం కాదు. అనంతపురం మెట్ట పొలాల్లో పండే పంట. ఇడ్లీలోకి చట్నీ, పులిహోరలో పలుకులు, బెల్లంతో కలిస్తే పల్లీపట్టీ. మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న ఆహారం. పదిమందికీ బలాన్నిచ్చే గింజ ఒక్కడి ప్రాణం మీదికి ఎందుకు తెస్తుంది? ఆ సంగతి తెలుసుకోవాలంటే ముందు ‘పడదు’ అన్న మాటను కాస్త విప్పి చూడాలి.

ఒకే మాట, నాలుగు సంగతులు

మనం ‘పడదు’ అనే మాటను చాలా ధారాళంగా వాడేస్తాం. “కంద నాకు పడదు.” “తాతయ్యకు పాలు పడవు.” “నిన్నటి చేపల కూర ఇంటిల్లిపాదికీ పడలేదు.” “రవికి వేరుశనగ పడదు.” మాట ఒక్కటే. కాని వీటి వెనక ఉన్న కారణాలు నాలుగూ నాలుగు రకాలు.

మొదట కంద సంగతి చూద్దాం. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అనే సామెత మీరు వినే ఉంటారు. కందలోనూ, కొన్ని చేమ దుంపల్లోనూ కాల్షియం ఆగ్జలేటు అనే పదార్థం సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. దుంపను సరిగా ఉడికించకపోతే ఆ సూదులు నాలుకకూ గొంతుకూ గుచ్చుకుంటాయి. ఆ దురద మనిషిని బట్టి రాదు, దుంపను బట్టి వస్తుంది. ఎవరు తిన్నా గొంతు దురదపెట్టవలసిందే. చింతపండు పులుసు వేసి బాగా ఉడికిస్తే తగ్గిపోతుంది. ఇది ఎలర్జీ కాదు.

ఇక తాతయ్య పాలు. పాలలో లాక్టోజు అనే చక్కెర ఉంది. దాన్ని ముక్కలు చేయడానికి చిన్నప్రేగుల్లో లాక్టేజు అనే ఎంజైము తయారవుతుంది. పసితనంలో ఇది అందరికీ సమృద్ధిగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజు పెద్దప్రేగుకు చేరి, అక్కడి బాక్టీరియాకు విందవుతుంది. కడుపుబ్బరం, గడబిడ, విరేచనాలు మొదలవుతాయి. తాతయ్యకు బాధే కాని ప్రాణాపాయం లేదు. పాలు పెరుగైనప్పుడు లాక్టోజు కొంత ఖర్చయిపోతుంది కనుక పాలు పడని తాతయ్య కూడా పెరుగన్నం హాయిగా తినగలడు. ఇదీ ఎలర్జీ కాదు. పాల ఎలర్జీ ఉన్నవారికైతే పాలలోని మాంసకృత్తులే శత్రువులు. అవి పెరుగులోనూ ఉంటాయి, కోవాలోనూ ఉంటాయి.

మూడవది చేపల కూర. కానాగంతల వంటి కొన్ని సముద్రపు చేపలను పట్టిన వెంటనే మంచులో ఉంచకపోతే, వాటి మాంసంలో బాక్టీరియా పెరిగి హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. వండినా అది పోదు. తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు వస్తాయి, తలనొప్పి వస్తుంది. చూడడానికి అచ్చం ఎలర్జీలాగే ఉంటుంది. కాని ఒకే కూర తిన్న ఇంటిల్లిపాదికీ వచ్చిందంటే దోషం మనుషుల్లో లేదు, చేపలో ఉంది. అది విషాహారం.

నాలుగవది రవి సంగతి. అదే కూర, అదే పచ్చడి పక్కవాడికి ఏమీ చేయదు. వీడికి మాత్రం నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, ఊపిరి అందదు. ఇదీ అసలైన ఎలర్జీ. ఇక్కడ తప్పు ఆహారంలోనూ లేదు, జీర్ణశక్తిలోనూ లేదు. మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబాటు పడింది.

నెప్ట్యూన్ అనే కుక్క కథ

రక్షణ వ్యవస్థ మనకే ముప్పు తేగలదని 20వ శతాబ్దం మొదట్లో ఎవరూ ఊహించలేదు. ఆ రహస్యం బయటపడింది ఒక ఓడ ప్రయాణం వల్ల.

మొనాకో రాజు మొదటి ఆల్బర్టుకు సముద్ర పరిశోధనలంటే మక్కువ. 1901లో ఆయన తన ఓడలో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకు వెళ్ళాడు. వారు షార్ల్ రిషే, పాల్ పోర్టియే. సముద్రంలో తేలుతూ తిరిగే ఫైసేలియా అనే జీవి ఒకటి ఉంది. దాని తీగలు తగిలితే నావికులకు భరించలేని మంట పుట్టేది. ఆ విషం ఎలా పనిచేస్తుందో తేల్చమన్నారు. ప్రయాణం ముగించుకుని ఫ్రాన్సుకు తిరిగివచ్చాక అక్కడ ఫైసేలియా దొరకలేదు. అందుచేత రాళ్ళకు పువ్వులా అతుక్కుని ఉండే సీ ఎనిమోన్ అనే జీవి విషంతో, కుక్కల మీద ప్రయోగాలు సాగించారు.

వాళ్ళ ఆలోచన సబబుగానే ఉంది. మశూచికి టీకా ఉన్నట్టు, విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే కుక్కకు దాన్ని తట్టుకునే శక్తి రావాలి. నెప్ట్యూన్ అనే దృఢమైన కుక్కకు చాలా కొద్ది మోతాదు ఇచ్చారు. దానికి ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత, కుక్క పూర్తి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, మళ్ళీ అంతే మోతాదు ఇచ్చారు. కొన్ని క్షణాల్లోనే దానికి ఆయాసం వచ్చింది. నిలబడలేక కూలబడింది. 25 నిమిషాల్లో చచ్చిపోయింది!

మొదటిసారి ఏమీ చేయని మోతాదు రెండోసారి ప్రాణం తీసింది. రక్షణ రావలసిన చోట దానికి విరుద్ధమైనది వచ్చింది. గ్రీకు భాషలో ‘ఫైలాక్సిస్’ అంటే రక్షణ. దానికి వ్యతిరేకం కనుక దీనికి ‘ఎనఫిలాక్సిస్’ అని 1902లో పేరు పెట్టారు. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో వియన్నా నగరంలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, శరీరం ఇలా మారిన తీరులో స్పందించడాన్ని సూచిస్తూ ‘ఎలర్జీ’ అనే కొత్త మాటను పుట్టించాడు.

నెప్ట్యూన్ చెప్పిన పాఠం ఒకటుంది, గుర్తుంచుకోండి. మొదటిసారి శరీరం శత్రువును ‘నేర్చుకుంటుంది’. అప్పుడు బయటికి ఏమీ కనిపించదు. దెబ్బ తగిలేది తర్వాత. “నిరుడు తిన్నాడుగా, ఏమీ కాలేదుగా” అని వాదించేవాళ్ళకు ఇదే జవాబు.

ఇద్దరు డాక్టర్లు, ఒక చేప

ఆ ‘నేర్చుకున్నది’ శరీరంలో ఎక్కడ దాగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారు జర్మనీలోని బ్రెస్లౌ నగరంలో పనిచేసిన ప్రాస్నిట్స్, క్యూస్ట్నర్ అనే ఇద్దరు డాక్టర్లు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. క్యూస్ట్నర్‌కు వండిన చేప తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవి. ప్రాస్నిట్స్ చేపలు నిక్షేపంగా తినేవాడు.

క్యూస్ట్నర్ రక్తం నుంచి తీసిన సీరాన్ని కొద్దిగా ప్రాస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు సరిగ్గా అదే చోట చేప రసాన్ని ఎక్కించారు. అంతే! అక్కడ దురదతో ఎర్రని దద్దురు లేచింది. చేప పడే మనిషికి ఆ ఒక్క చోట మాత్రం చేప పడకుండా పోయింది! అంటే ఎలర్జీని మోసుకుతిరిగే పదార్థమేదో రక్తంలో ఉందన్నమాట. ఈ ప్రయోగాన్ని వారు 1921లో ప్రకటించారు. ఒకరి రక్తం ద్వారా మరొకరికి జబ్బులు సోకే ప్రమాదం ఉంది గనుక ఇప్పుడు ఇటువంటి పరీక్ష చేయరు.

ఆ పదార్థం ఏమిటో తేలడానికి మరో 45 ఏళ్ళు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాను దంపతులు కిమిషిగే ఇషిజాకా, టెరుకో ఇషిజాకా అది ఒక కొత్త రకం యాంటీబాడీ అని కనిపెట్టారు. అదే సమయంలో స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిష్ అనేవారు వేరే దారిలో వెళ్ళి అదే పదార్థాన్ని పట్టుకున్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ అని పేరు ఖాయమైంది. మనం పొట్టిగా ‘ఐజి-ఇ’ అందాం. రక్తంలోని మామూలు యాంటీబాడీలతో పోలిస్తే ఇది వేల రెట్లు తక్కువగా ఉంటుంది. అందుకే అన్నాళ్ళు దొరకలేదు.

చుట్టాన్ని దొంగ అనుకుంటే

ఇప్పుడు రవి ఒంట్లో జరిగేది చూద్దాం.

ఎప్పుడో పసితనంలో వేరుశనగ మాంసకృత్తు ఒకటి వాడి రక్షణ కణాల కంటపడింది. అవి దాన్ని ఆహారమని పోల్చుకోలేక శత్రువని ముద్ర వేశాయి. దాన్ని పట్టుకునేందుకు ప్రత్యేకంగా ఐజి-ఇ యాంటీబాడీలు తయారయ్యాయి. ఇవి ‘మాస్ట్ కణాలు’ అనే కణాల మీద తిష్ఠ వేసుకుంటాయి. మాస్ట్ కణాలు చర్మంలోనూ, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, ప్రేగుల గోడల్లోనూ ఉంటాయి. అంటే బయటి ప్రపంచం మన శరీరానికి తగిలే ప్రతి గుమ్మం దగ్గరా కాపలా ఉంటాయి. వీటిని 1878లో గుర్తించి పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిష్. లోపల గుళికలు కిక్కిరిసి ఉండడం చూసి, బాగా మేసి బలిసిన కణాలనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. నిజానికి అవి తిండి గుళికలు కావు, మందుగుండు గుళికలు. వాటిలో ఉన్నది హిస్టమిన్, మరికొన్ని ఘాటైన రసాయనాలు.

కొన్నాళ్ళకు రవి మళ్ళీ వేరుశనగ తిన్నాడు. ఆ మాంసకృత్తు వచ్చి మాస్ట్ కణం మీద పక్కపక్కన ఉన్న రెండు ఐజి-ఇలను ఒకేసారి తాకి కలిపింది. అదే మీట నొక్కడం! కణం తన గుళికలన్నీ ఒక్కసారిగా కుమ్మరించింది. హిస్టమిన్ వల్ల సన్నని రక్తనాళాలు వెడల్పయి కారడం మొదలుపెట్టాయి. చర్మంలో కారితే దద్దుర్లు, పెదవుల్లో కారితే వాపు. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు బిగుసుకుంటే ఆయాసం, పిల్లికూతలు. ప్రేగులు మెలిపెడితే వాంతులు, కడుపునొప్పి. ఒళ్ళంతా ఒకేసారి రక్తనాళాలు సడలిపోతే రక్తపు పోటు పడిపోయి, గుండెకూ మెదడుకూ రక్తం చాలదు. అదే ఎనఫిలాక్సిస్.

ఇంటికొచ్చిన చుట్టాన్ని దొంగ అనుకుని, ఊరంతా లేపి, సొంత ఇంటి తలుపులే బద్దలుకొట్టుకున్నట్టుంది కదూ! చుట్టం తప్పేమీ లేదు. నష్టమంతా కాపలావాడి కంగారు వల్లే.

మోతాదు సంగతి కూడా ఇక్కడే అర్థమవుతుంది. విషమైతే ఎంత తింటే అంత హాని. ఎలర్జీలో తిన్న పదార్థం అగ్గిపుల్ల మాత్రమే. మందుగుండు మన ఒంట్లోనే ఉంది. ఒక వేరుశనగ పలుకులో సుమారు 200 మిల్లీగ్రాముల మాంసకృత్తులుంటాయి. బాగా సున్నితమైన వారికి అందులో నూరో వంతు కూడా చాలు. “ఒక్క ముక్కే కదా” అనడం ఎంత తప్పో చూడండి.

చిన్నవాళ్ళకు కొన్ని, పెద్దవాళ్ళకు కొన్ని

ఏ ఆహారం వల్లనైనా ఎలర్జీ రావచ్చు. కాని ఎక్కువగా కనిపించేవి కొన్నే: పాలు, గుడ్లు, గోధుమ, సోయా, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజపప్పులు, చేపలు, రొయ్యలు–పీతలు. పాలు, గుడ్ల ఎలర్జీ ఎక్కువగా పసిపిల్లల్లో వస్తుంది. చాలామందికి పెరిగేకొద్దీ పోతుంది. వేరుశనగది మాత్రం మొండి ఎలర్జీ. అయిదుగురిలో సుమారు ఒక్కరికే పోతుంది.

“నాకు యాభై ఏళ్ళు వచ్చాయి, ఇన్నాళ్ళూ రొయ్యలు తిన్నాను, ఇప్పుడేమిటి?” అని అడిగే పెద్దలూ ఉన్నారు. రొయ్యల ఎలర్జీ చాలామందికి పెద్దయ్యాకే మొదలవుతుంది. రొయ్య కండరాల్లోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఇందుకు ముఖ్య కారణం. ఎంత ఉడికించినా అది చెడదు. తమాషా ఏమిటంటే దాదాపు అదే రూపంలో ఉండే మాంసకృత్తు బొద్దింకల్లోనూ, పరుపుల దుమ్ములో ఉండే కంటికానని పురుగుల్లోనూ ఉంది. దుమ్ము పడనివారిలో కొందరికి రొయ్యలు కూడా పడకపోవడానికి ఈ పోలిక ఒక కారణం.

వంట తీరు కూడా లెక్కలోకి వస్తుంది. వేరుశనగను వేయించితే దాని ఎలర్జీ శక్తి పెరుగుతుంది, నీళ్ళలో ఉడికిస్తే కొంత తగ్గుతుంది. అలాగని ఉడికించినవి రవి తినవచ్చునని కాదు. తగ్గడం వేరు, పోవడం వేరు.

మానిపించడమే మందా?

ఎలర్జీ వచ్చాక ఆ పదార్థాన్ని మానడం తప్పదు. మరి రాకముందే మానేస్తే? పసిపిల్లలకు వేరుశనగ రుచే చూపించకపోతే ఎలర్జీ రాదు కదా! వినడానికి న్యాయంగానే ఉంది. 2000 సంవత్సరంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా అలాగే చెప్పింది. ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు మూడేళ్ళు నిండేదాకా వేరుశనగ పెట్టవద్దంది. తల్లులు ఆ మాట పాటించారు. ఎలర్జీలు మాత్రం తగ్గలేదు. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు.

సరిగ్గా ఆ ఏడాదే లండన్‌లోని గిడియన్ లాక్ బృందం ఒక వింత సంగతి ప్రకటించింది. బ్రిటన్‌లోని యూదుల పిల్లలనూ, ఇజ్రాయెల్‌లోని యూదుల పిల్లలనూ పోల్చి చూశారు. వంశం ఒక్కటే, దేశాలు వేరు. బ్రిటన్‌లో వేరుశనగ ఎలర్జీ నూటికి 1.85 మందికి ఉంటే, ఇజ్రాయెల్‌లో 0.17 మందికే ఉంది. పదిరెట్ల తేడా! కారణం వెతికితే పసిపిల్లల తిండి దగ్గర దొరికింది. ఇజ్రాయెల్‌లో వేరుశనగతో చేసే మెత్తని చిరుతిండి ఒకటుంది. అక్కడి పసిపిల్లలకు దాన్ని చప్పరించడం అలవాటు. అలా నెలకు సుమారు 7 గ్రాముల వేరుశనగ మాంసకృత్తులు వాళ్ళ కడుపులోకి వెళుతున్నాయి. బ్రిటన్ పసిపిల్లలు మాత్రం దాదాపు బొత్తిగా తినడం లేదు.

అయితే ఇది పోలిక మాత్రమే, రుజువు కాదు. రుజువు కావాలంటే ప్రయోగం చేయాలి. లాక్ బృందం 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది పసిపిల్లలను తీసుకుంది. అందరికీ తీవ్రమైన గజ్జి వంటి ఎగ్జిమా గాని, గుడ్ల ఎలర్జీ గాని ఉంది. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళే. సగం మందికి క్రమం తప్పకుండా వేరుశనగ పెట్టించారు, సగం మందికి పూర్తిగా మానిపించారు. అయిదేళ్ళు వచ్చాక పరీక్షించారు. మొదట్లో చర్మపరీక్షలో ఏమీ కనిపించని పిల్లల్లో, మానినవారిలో నూటికి 13.7 మందికి ఎలర్జీ వచ్చింది. తిన్నవారిలో 1.9 మందికే వచ్చింది! 2015లో ఈ ఫలితం అచ్చయ్యాక వైద్యుల సలహా తలకిందులైంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ప్రేగుల ద్వారా వచ్చినదాన్ని శరీరం ఆహారంగా ఒప్పుకోవడం నేర్చుకుంటుంది. పగిలిన చర్మం ద్వారా, ఇంటి దుమ్ములోంచి వచ్చినదాన్ని శత్రువుగా నేర్చుకుంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ముందు పరిచయం నోటి ద్వారా జరిగితే చుట్టం, చర్మం ద్వారా జరిగితే దొంగ అన్నమాట.

ఒక హెచ్చరిక. పసిపిల్లలకు గింజలు గింజలుగా పెడితే గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా నూరి, పలచగా కలిపి పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాళ్ళకైతే డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. ఇదంతా ఎలర్జీ రాకముందు మాట. వచ్చినవాళ్ళకు ‘అలవాటు చేద్దాం’ అని ఇంట్లో కొద్దికొద్దిగా పెట్టడం నెప్ట్యూన్ ప్రయోగాన్ని మళ్ళీ చేయడమే. అటువంటి చికిత్స ఉంది గాని, అది నిపుణులైన డాక్టర్ల కనుసన్నల్లో, మిల్లీగ్రాముల లెక్కన నెలల తరబడి జరుగుతుంది.

పరీక్షలో తేలితే చాలునా?

చర్మం మీద ఆహారపు రసం చుక్క వేసి చిన్నగా గుచ్చి చూడడం ఒక పరీక్ష. రక్తంలో ఐజి-ఇ కొలవడం మరొకటి. రెండూ మంచివే. కాని ఐజి-ఇ ఉన్న ప్రతివారికీ ఎలర్జీ ఉండాలని లేదు. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద జరిపిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి ఐజి-ఇ ఉన్నట్టు తేలినవారు నూటికి 26.5 మంది. ఆ ఆహారం తిన్నప్పుడు లక్షణాలు కూడా వచ్చి, ఎలర్జీ ఉండవచ్చునని తేలినవారు 1.2 మంది. అంటే వెయ్యిమందిని తీసుకుంటే కాగితం మీద 265 మంది, నిజంగా 12 మంది!

కాగితాన్ని చూసి భయపడి పాలు, గుడ్లు, పప్పులు అన్నీ మానేస్తే ఎదిగే పిల్లలకు పోషకాహారం ఏది? అందుకే ఏం తిన్నాం, ఎంతసేపటికి ఏమైంది అనే వివరాలకు ఎక్కువ విలువ. ఎలర్జీ లక్షణాలు సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపల వస్తాయి. అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో డాక్టర్ల ఎదుట కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. అదే ఆఖరి తీర్పు.

పొంచి ఉండే పదార్థాలు

ఎలర్జీ ఉన్నవాళ్ళకు కనిపించే వేరుశనగతో కంటే కనిపించని వేరుశనగతోనే ఎక్కువ ప్రమాదం. గుత్తి వంకాయ కూరలో పల్లీల పొడి ఉంటుంది. హోటలు కుర్మాలో జీడిపప్పు ముద్ద ఉండవచ్చు. కేకులో గుడ్డు, రొట్టెలో పాలపొడి ఉండవచ్చు. డబ్బాల్లో అమ్మే ఇంగువలో తరచు గోధుమపిండి కలుస్తుంది. బాగా శుద్ధిచేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు. గానుగ నూనెలో మాత్రం ఉంటాయి. పల్లీ చట్నీలో ముంచిన గరిటెనే కొబ్బరి చట్నీలో పెట్టినా చాలు.

పొట్లాల మీది అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. మన దేశంలో 2020 నాటి ఆహార లేబుళ్ళ నిబంధనల ప్రకారం గోధుమ జాతి ధాన్యాలు, రొయ్యలు–పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ–గింజపప్పులు, సోయా, సల్ఫైటు వీటిలో ఏది ఉన్నా పొట్లం మీద ప్రకటించాలి. బండి మీద అమ్మే తినుబండారాలకు లేబులు ఉండదు. అక్కడ అడిగి తెలుసుకోవలసిందే.

చేతుల సంగతి కూడా చెప్పాలి. వేరుశనగ తిన్న చేతిని సబ్బుతో కడిగితే ఆ మాంసకృత్తు పోతుంది. శానిటైజరు రాసుకుంటే పోదు. అది సూక్ష్మజీవులను చంపుతుందే గాని మాంసకృత్తును తుడిచివేయదు.

ప్రమాదం వేళ

తిన్న కాసేపటికి దద్దుర్లతోపాటు ఊపిరాడకపోవడం, గొంతు బొంగురుపోవడం, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే అది ఎనఫిలాక్సిస్ కావచ్చు. దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ.

దీనికి మొదటి మందు ఎడ్రినలిన్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథుల్లో తయారయ్యే హార్మోను ఇది. రిషే ఓడ ఎక్కిన 1901లోనే జపాను శాస్త్రజ్ఞుడు జోకిచి టకమినే దీన్ని శుద్ధ స్ఫటికాలుగా వేరుచేసిన సంగతి ప్రకటించాడు. హిస్టమిన్ సడలించిన రక్తనాళాలను ఇది బిగిస్తుంది, బిగిసిన గాలిగొట్టాలను సడలిస్తుంది. తొడ బయటివైపు కండలోకి ఇంజెక్షన్ ఇస్తారు. దద్దుర్లకు వాడే ఎలర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయే గాని, ఊపిరినీ రక్తపు పోటునూ కాపాడలేవు.

మీరు చేయగలిగినవి ఇవి. వెంటనే టీచరుకు చెప్పండి. 108కి ఫోన్ చేయించండి. స్నేహితుడి దగ్గర డాక్టరు ఇచ్చిన ఎడ్రినలిన్ ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దల చేత వేయించండి. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి. ఊపిరి అందకపోతే కూర్చోనివ్వండి. లేపి నిలబెట్టడం, నడిపించడం చేయకూడదు. మజ్జిగ, నిమ్మరసం అంటూ కాలం వృథా చేయకూడదు. ఒంటరిగా వదలకూడదు. తేరుకున్నా సరే ఆసుపత్రికి వెళ్ళవలసిందే. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది.

మళ్ళీ రవి దగ్గరికి

ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనంలోకి 2020లో వేరుశనగ చిక్కీ కూడా వచ్చింది. ఎదిగే పిల్లలకు అది మంచి ఆహారం. ఎక్కడో ఒక రవి ఉన్నాడని అందరికీ మానిపించనక్కర్లేదు. ఆ రవికి వేరే ఏదైనా ఇస్తే చాలు. వాడి పేరు, వాడికి పడనిది ఏమిటి, ప్రమాదం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి – ఈ మూడూ తరగతి టీచరుకూ, వంట చేసే అమ్మకూ, పక్క బెంచీవాడికీ తెలిసి ఉండాలి.

పక్క బెంచీవాడంటే గోపాలమే. రవికి డాక్టరు ఎప్పుడూ పక్కన ఉండడు. అమ్మ కూడా ఉండదు. గోపాలం ఉంటాడు. “ఒక్క ముక్క తింటే చచ్చిపోతావేంట్రా?” అని నవ్వే గోపాలం, “మాస్టారూ, వాడికి వేరుశనగ పడదండీ, ఇంకేమైనా ఇవ్వండి” అని తనే ముందు చెప్పే గోపాలమైతే రవికి అంతకంటే కావలసిన కాపలా ఏముంది?

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరెవరికి ఏమేమి ‘పడవో’ ఒక కాగితం మీద రాయండి. కంద రకమా, తాతయ్య పాల రకమా, చెడిన చేప రకమా, లేక రవి రకమా అని ఆలోచించండి. రవి రకం అనిపించినవాటిని మీరు పరీక్షించకండి. పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరుకు చూపించండి.